బస్సు పట్టేంత వీధి

దొండపూడి వాళ్ళకి తమ తెలివంటే ఎంత గర్వమంటే, పక్క ఊరివాళ్ళు సలహా అడగడానికొస్తే కూడా ఎక్కడ తరిగిపోతుందోనని చెప్పేవాళ్ళు కాదు. అందులోనూ గవరమ్మ మరీను. నడివీధిలో ఆవిడదో పెసరట్ల హోటలు. తినేవాళ్ళు మాత్రం రోజూ ఆ పదిమందే. ఊళ్ళోకి బస్సొస్తే జనమొస్తారు, జనమొస్తే ఊరు పట్నమవుతుంది, పట్నమైతే తన పెనం చల్లారదు, ఇదీ ఆవిడ ఆశ.

సర్పంచి సింహాద్రి ఆవిడకి మరిది. బస్సు డిపోకి వెళ్ళి అడిగొచ్చాడు.

"ఏమన్నారు సింహాద్రీ?"

"వీధి ఇరుకంట వదినా. దారికి ఏదడ్డొస్తే అది తీసేస్తే బస్సు పంపుతారంట."

ఇంకేముంది, గునపాలు లేచాయి. అరుగులు పోయాయి. బోలెడు చోటొచ్చింది కదాని మర్నాడొకడు బండి తెచ్చి నిలిపాడు, ఇంకొకడు గేదెని కట్టాడు. బండి లేనివాడు కూడా చోటుందిగా అని బండి కొన్నాడు. సాయంత్రానికి వీధి మొదటికన్నా ఇరుకు.

"ఆ బళ్ళు తీయిస్తే పోలేదా?" అంది గవరమ్మ.

"వీధి ఉన్నదే బళ్ళకోసం వదినా. బళ్ళు తీసేస్తే ఇక వీధెందుకు?"

నిజమే కదా అనిపించింది ఆవిడకి. అంతే, ముందు గదులు పడగొట్టారు. చోటు పెరిగింది, బళ్ళూ పెరిగాయి. వంటిళ్ళు పడగొట్టారు. మళ్ళీ బళ్ళే. ఆఖరికి ఇళ్ళన్నీ పోయాక, జనం సామానంతా ఆ బళ్ళకే ఎత్తుకుని పొలాల్లోకి కాపురాలు మార్చారు. వీధి ఖాళీ అయింది. మిగిలింది గవరమ్మ హోటలొక్కటే.

ఆవిడకి ఏడుపొచ్చింది. మొగుడు పోయాక ఆవిడకింత కూడు పెట్టింది ఆ పొయ్యే మరి.

"ఇది కూడానా సింహాద్రీ?"

"ఇదుంటే బస్సు రాదు. బస్సు రాకపోతే నీ హోటలుకి జనం రారు. నీ హోటలు బాగుకోసమే నీ హోటలు తీసేద్దాం వదినా."

అంత తెలివైన మాట కాదనలేక, మొదటి పోటు తనే వేసింది.

బస్సొచ్చింది, జనంతో కిటకిటలాడుతూ వచ్చింది. డ్రైవరు అటూ ఇటూ చూసి, "ఊరెక్కడమ్మా?" అన్నాడు.

"దాని మీదే ఉన్నారు బాబూ," అంది గవరమ్మ.

దిగినవాళ్ళు ఆకలో అన్నారు. ఇక ఆవిడ ఆగుతుందా? బస్సు ముందే మూడు రాళ్ళు పేర్చి పెనం పెట్టింది, చుట్టూ తడికెలు కట్టింది. జనమున్నచోటే బేరమని పొలాల్లోకి పోయినవాళ్ళంతా పరుగున వచ్చేశారు. బస్సుని ఆనుకుని అటొక వరస, ఇటొక వరస, వెనకొక వరస పాకలు లేపేశారు. డ్రైవరు అట్లు తిని చెయ్యి కడుక్కొచ్చేసరికి తలుపు తెరిచే సందు కూడా లేదు.

"ఇప్పుడు బస్సెలా కదులుతుందమ్మా? ఇరుకైపోయింది కదా," అని నెత్తి పట్టుకున్నాడు.

గవరమ్మ తన కొత్త తడికెల వంక చూసుకుంది. పెనం మీద అట్టు కాలుతోంది, ఎదురుగా జనం బారులు తీరి ఉన్నారు. ఈసారి పోగొట్టుకోవడానికి ఆవిడకి మనసు రాలేదు.

"ఎన్నిసార్లని ఇళ్ళే తగ్గుతాయి సింహాద్రీ? ఈసారి బస్సు వంతు," అంది.

అంతే. డ్రైవరుని మర్యాదగా పక్కకి జరగమన్నారు. సింహాద్రి సుద్దముక్కతో బస్సుకి రెండువైపులా మూరెడు లోపలికి గీత గీశాడు, ఊరంతా రంపాలు పట్టుకుని కోత మొదలెట్టింది.