నలభై గదుల చలి

మన్యం అంచున ఒక ఊళ్లో జగ్గప్ప దొర నలభై గదుల మేడ కట్టించుకున్నాడు. అందులో ఉండేది ఆయనొక్కడే. చలికాలం రాగానే గదిగదికీ కుంపటి పెట్టమన్నాడు. ఊళ్లో కట్టెలన్నీ మేడకు చేరాయి, ఊరి పొయ్యిలన్నీ ఆరిపోయాయి.

నెల తిరిగినా దొరకు వణుకు తగ్గలేదు. కట్టెల మోపు దించుతున్న గున్నమ్మను పిలిచి, "ఏమే, కుంపటి లేకుండా మీ ఒంటిగది ఇంట్లో చలికెలా తాళుతున్నారు?" అని అడిగాడు.

"ఏడుగురం ఆనుకుని పడుకునేవాళ్లం దొరా. మా ఒంటి వేడే ఆ గదికి సరిపోయేది. తమరు కాచేది ఖాళీ గదుల్ని."

దొరకు ఆ మాట ఇంకోలా తలకెక్కింది. "అయితే ఇవాళ్టి నుంచి మీరంతా వచ్చి నా గదిలో పడుకోండి" అన్నాడు.

"చిత్తం. మిగిలినవాళ్లం వస్తాం. ముందు పనికొస్తామో లేదో చూసుకోండి" అని గున్నమ్మ చెయ్యి చాపింది.

దొర తాకి చటుక్కున తన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గున్నమ్మ చెయ్యి రాయిలా చల్లగా ఉంది.

"గంజి తాగితేనే ఒంట్లో వేడి పుట్టేది దొరా. గంజి కాచాల్సిన కట్టెలు తమ ఖాళీ గదుల్లో కాలుతున్నాయి."

దొర ఒక్క గదికి సరిపడా ఉంచుకుని తక్కిన కట్టెలు ఊరికి పంచెయ్యమన్నాడు.

ఆ సాయంత్రం గున్నమ్మ పొయ్యి రాజేసింది. ఏడుగురిలో ఆ చలికి బతికి మిగిలిన ముగ్గురూ వేడి గంజి తాగారు. ఆ ఇంట్లో మొదటిసారి అందరికీ కాళ్లు చాపుకునేంత చోటు ఉంది.

ఎవరూ చాపుకోలేదు.