మునెప్ప మూడు ముక్కలు

అప్పటికి కొండలింకా పొట్టిగానే ఉండేవట. అడవి పందులకు మనిషంటే భయమే లేదట. ఆ కాలాన పందిమిట్ట అని ఒక ఊరు. ఆ ఊరి జొన్నచేలకు కావలి మునెప్ప.

మునెప్పకు ఒక కాలు పొట్టి. మడక దున్నలేడు, మూట మొయ్యలేడు. మంచె మీద కూర్చుని పందుల్ని అదిలించడం ఒక్కటే అతనికి చేతనైన పని. ఆ పనంటే ప్రాణం కూడా. ఊరివాళ్ళు అతని చేతికి ఒక తుపాకీ ఇచ్చారు. మందు కూరి ఆకాశంలోకి పేలిస్తే చాలు, పందులు పరుగో పరుగు.

చిక్కంతా మునెప్ప చేతులతోనే. ఎండాకాలమైనా, చలికాలమైనా అరచేతుల్లో చెమట కారుతూనే ఉండేది. తుపాకీ చెక్కేమో ఎందరో పట్టి పట్టి అద్దంలా నున్నబడింది. ఒకసారి జారింది, బురదలో పడింది. రెండోసారి జారింది, ఎరువుకుప్పలో పడింది. మూడోసారి జారింది, సరిగ్గా ఊరిపెద్ద పాపిరెడ్డి కాలి బొటనవేలి మీద పడింది.

"ఒరే మునెప్పా! ఇది తుపాకీనా, నూనె రాసిన చేపనా?" అని ఒంటికాలి మీద గెంతుతూ అరిచాడు పాపిరెడ్డి. "ఇంకొక్కసారి పడిందంటే నువ్వు మంచె దిగాల్సిందే. చెప్పలేదనుకునేవు!"

మునెప్ప తల వేలాడేసుకుని ఇంటికొచ్చాడు. పెళ్ళాం చిన్నక్క ఈతాకు తడిపి చాప అల్లుతోంది. "ఆ చాపచుట్ట కాస్త పక్కన పెట్టయ్యా" అంది. మునెప్ప తడిచాపను ఎత్తాడు. చేతిలో చెమట ఉంది, చాపకు తడి ఉంది. అయినా జారలేదు.

"ఏమే, ఇది జారదేమే?"

"గళ్ళున్నాయి కదయ్యా, వేళ్ళు ఆనుతాయి. నున్నగా ఉంటే జారదూ?"

మునెప్ప చాప వంకే చూస్తూ కూర్చున్నాడు. అటు ఏటవాలుగా కొన్ని గీతలు, ఇటు ఏటవాలుగా కొన్ని. మధ్యలో చిన్న చిన్న గళ్ళు. తుపాకీ చెక్క మీద ఇవే గళ్ళు గీస్తే?

కమ్మరి పారేసిన ఆకురాయి, అదే ఇనుము రాకే పనిముట్టు, ముక్క ఒకటి తెచ్చాడు. దాని అంచును అరగదీసి రెండు పళ్ళు చేశాడు. ఒక పన్ను గీసిన గీతలో నడుస్తుంది, పక్క పన్ను కొత్త గీత గీస్తుంది. అప్పుడు అన్ని గీతల మధ్యా ఒకటే ఎడం. కానీ తుపాకీ జోలికి వెంటనే పోలేదు. ఒక నేరేడు కట్టె ముక్క తీసుకుని మంచె ఎక్కాడు. పగలంతా అక్కడ ఖాళీయే కదా.

మొదటి ముక్క మీద మొదటి గీత కంటి అంచనాతో గీశాడు. అది రవ్వంత వంకర పోయింది. రెండో గీత దాని వెంట పోయింది. ఇరవయ్యో గీత వచ్చేసరికి పాము పాకినట్టుంది.

చిన్నక్క తిప్పి చూసింది. "ముందుది దారి తప్పితే వెనకవాటి తప్పేముందయ్యా, పాపం!" అని పొయ్యిలో పెట్టింది. "పోనీలే, సంగటైనా ఉడికింది."

రెండో ముక్కకు ఆమే ఒక ఈతాకు రేక ఇచ్చింది. గుండ్రటి చెక్క చుట్టూ అది చక్కగా వంగింది. దాని అంచు వెంబడి గీస్తే మొదటి గీత చక్కగా వచ్చింది. గళ్ళు తేలుతుంటే మునెప్పకు పట్టరాని సంతోషం. ఆ ఊపులో చెయ్యి ఆగలేదు, గళ్ళ చుట్టూ గీసుకున్న హద్దును గీతలు దాటిపోయాయి.

చిన్నక్క తిప్పి చూసింది. "దున్నుతా దున్నుతా పక్కోళ్ళ చేలోకి పోయినావే!" అని పొయ్యిలో పెట్టింది. "పోనీలే, సంగటైనా ఉడికింది."

మూడో ముక్క మీద గీత చక్కగా ఉంది, హద్దూ దాటలేదు. కానీ ఒక్క ఊపులో లోతుగా దించెయ్యాలని గట్టిగా నొక్కాడు. గళ్ళ మొనలు ముసలోడి పళ్ళలా రాలిపోయాయి.

చిన్నక్క తిప్పి చూసింది. ఈసారి ఏమీ అనకుండానే పొయ్యిలో పెట్టింది. మునెప్పే నవ్వాడు. "పోనీలేవే, సంగటైనా ఉడికింది."

నాలుగో ముక్క మీద గీతలన్నీ పైపైన గీశాడు. మళ్ళీ గీశాడు. మూడోసారి లోతు చేశాడు. హద్దుకు నూగుగింజంత దూరంలోనే ఆగాడు. పొట్టు ఊది చూస్తే గళ్ళన్నీ సూదిమొనల్లా నిలబడ్డాయి. ఒక కొస మునెప్ప పట్టుకున్నాడు, రెండో కొసను చిన్నక్క చేతులు తడుపుకుని లాగింది. ముక్క జారలేదు, మునెప్పే వచ్చి ఆమె మీద పడ్డాడు.

ఆ ముక్క పొయ్యిలోకి పోలేదు.

మర్నాడు తుపాకీలో మందు లేదని రెండుసార్లు చూసుకుని పని మొదలుపెట్టాడు. ఏడు రోజులు పట్టింది.

ఎనిమిదో రోజు పాపిరెడ్డికి కబురు తెలిసింది. తుంపర వానలోనే మంచె కిందికి వచ్చాడు. "ఊరి తుపాకీని గీకి పాడుచేశావంటరా! ఇటు తే, నువ్వు దిగు!"

"దిగుతా రెడ్డీ, అటు చూడు ముందు!"

చేలోకి పందుల మంద దిగింది. కంకులు పాలు పోసుకునే రోజులు. మునెప్ప ఆదరాబాదరాగా మందు కూరి తుపాకీ ఎత్తాడు. పైన వాన, చేతిలో చెమట. పాపిరెడ్డి భయంతో తన బొటనవేలు వెనక్కి లాక్కున్నాడు. తుపాకీ మాత్రం చేతికి అతుక్కున్నట్టే ఉంది. ఢామ్మంది. పందులు పరుగో పరుగు.

పాపిరెడ్డి మెల్లగా తన చేతికర్ర పైకి చాచాడు. "దీనికీ గీస్తావా?"

"నువ్వే గీసుకో రెడ్డీ, సరదాగా ఉంటుంది. నేను నేర్పుతా."

పాపిరెడ్డి బెల్లం, బియ్యం పట్టుకుని నేర్చుకోడానికి వచ్చాడు. మూడు కట్టెముక్కలు పాడుచేశాడు. చిన్నక్క ఆ మూడూ పొయ్యిలో పెట్టి, ఆ బెల్లంతోనే పాయసం వండి, ఊరందరినీ పిలిచి, మొదటి గరిటె పాపిరెడ్డికే వేసింది. "పోనీలే పెద్దాయనా, పాయసమైనా ఉడికింది!"

ఆ తర్వాత ఆ ఊళ్ళో కొడవలి పిడికీ గళ్ళే, రోకలి నడుముకూ గళ్ళే. మునెప్ప బతికినన్నాళ్ళూ మంచె దిగలేదు. అతను పోయాడు, చిన్నక్క పోయింది, తుపాకీ తుప్పు పట్టింది.

కానీ ఇప్పటికీ పందిమిట్టలో ఎవరు ఏ చేతిపని మొదలుపెట్టినా, పాడైన మొదటి మూడు ముక్కల్నీ పారెయ్యరు. వాటిని పొయ్యిలో పెట్టి పాయసం వండుతారు. పాడుచేసినవాళ్ళకే మొదటి గరిటె. ఎప్పుడో ఒకసారి ఎవరో ఒకరు మొదటిసారే చక్కగా చేసేస్తారు. అప్పుడు చూడాలి ఊరివాళ్ళ మొహాలు.

"అయితే ఈసారి పాయసం లేనట్టేనా?" అంటారు దిగులుగా.