యువరాణి గురక

డాక్టర్ కాత్యాయని గారిని ఎవరైనా ధర్మసందేహం అడిగితే ఆవిడ ముందు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టేవారు. అది విసుగుకు గుర్తని ఆవిడ దగ్గర పని నేర్చుకున్నవాళ్లందరికీ తెలుసు. నలభై ఏళ్లు ప్రభుత్వ పశువైద్యురాలిగా చేసి, రిటైరయ్యాక విజయనగరంలో తన ఇంటి ముందరి రెండు గదుల్లో చిన్న ఆస్పత్రి పెట్టుకున్నారు. కత్తి పట్టడం, కుట్టు వేయడం శిష్యులకు ఎంత ఓర్పుగానైనా నేర్పేవారు. వాదనకు మాత్రం ఆవిడ దగ్గర ఓర్పు ఉండేది కాదు.

ప్రద్యుమ్న ఆవిడ దగ్గర చేరి ఏడాది అయింది. అతనికి పని బాగా వచ్చు. ప్రశ్నలు అంతకంటే బాగా వచ్చు. జాతి పిల్లుల్ని పెంచి, వాటికి పిల్లల్ని పుట్టించి అమ్మేవాళ్ల సంఘం ఒకటి అతన్ని తమకు వైద్యుడిగా ఉండమని అడిగింది. వీధి పిల్లుల్ని సాకేవాళ్లు, అక్కడికి వెళ్తే మళ్లీ మా దగ్గరికి రావద్దన్నారు. ఎటూ తేల్చుకోలేక అతను వారం రోజులుగా సతమతమవుతున్నాడు. శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం మళ్లీ ఆవిడ ముందు నిలబడ్డాడు.

"మేడం, ముక్కు చప్పిడిగా రావాలని, బొచ్చు గుబురుగా రావాలని పిల్లుల్ని ఏరి ఏరి జతకట్టించడం తప్పా? అది తప్పయితే, వీధిలో వాటంతటవి కలిసి కనేదంతా ఒప్పేనా? అసలు ధర్మం ఎటువైపు ఉంది?"

ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వారంలో ఇది అయిదోసారి" అన్నారు. ఇంకేదో అనబోతుంటే గేటు దగ్గర ఆటో ఆగింది.

దిగినావిడ మాధురీలత. భర్త పోయాక చప్పిడి ముక్కు తెల్లటి పర్షియన్ పిల్లి ఒకటి తెచ్చుకుని, దానికి యువరాణి అని పేరు పెట్టి, దాని చుట్టూనే బతుకుతున్న మనిషి. దాని పిల్లల కోసం వేరే ఊళ్ల నుంచి కూడా జనం వచ్చేవారు. ఆ పిల్లి ఇప్పుడు బుట్టలో పక్కకు పడి, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తోంది. పొద్దుటి నుంచి నొప్పులు పడుతున్నా ఒక్క పిల్లా బయటికి రాలేదు. ఆవిడ కూడా పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

అప్పటికే వరండా బల్ల మీద గోపీనాథ్ పట్నాయక్ గారు కూర్చుని ఉన్నారు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన ఆయన వీధిలోని పిల్లులన్నింటికీ రెండు పూటలా అన్నం పెడతారు. ఆయన ఒళ్లో అట్టపెట్టె ఉంది. అందులో చుక్క అనే నాటు పిల్లి, ఎముకలు తేలిన ఒంటితో నాలుగు పిల్లలకు పాలిస్తోంది. పిల్లల కళ్లు చీము పట్టి మూసుకుపోయాయి. అది చుక్కకు అయిదో కాన్పు. అంతకుముందు పుట్టినవాటిలో చాలావాటిని ఆయనే పెరట్లో జామచెట్టు కింద పాతిపెట్టారు.

ఆయన బుట్టలోకి చూసి ఊరుకోలేకపోయారు. "ఇది మీ చేతుల్తో మీరు చేసిందేనమ్మా. ప్రకృతికి వదిలేస్తే ఈ అవస్థ రాదు."

మాధురీలత ఆయన పెట్టె వైపు చూసింది. "ప్రకృతి ఏం చేసిందో మీ పెట్టెలోనూ కనిపిస్తోంది లెండి మాస్టారూ. నా పిల్లి ఆకలెరగదు, జబ్బెరగదు."

"ఆకలెరగదు సరే. ఊపిరెరుగునా?"

మాటకు మాట పెరిగింది. ప్రద్యుమ్న వారం రోజులుగా తనలో తాను అనుకున్నవే ఆ ఇద్దరూ బయటికి అంటున్నారు. ఎవరు గెలుస్తారో అన్నట్టు అతను బుట్ట చేత్తో పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"ప్రద్యుమ్నా" అన్నారు కాత్యాయని గారు లోపలి నుంచి. "నువ్వు వైద్యానికొచ్చావా, సభకొచ్చావా?"

అతను సిగ్గుపడి లోపలికి పరిగెత్తాడు.

మత్తు ఇచ్చి, గొంతులోకి గొట్టం దింపి, పొట్ట కోశారు. మొదటి పిల్ల తల దారికి అడ్డం పడి ఎప్పుడో చనిపోయింది. తర్వాత రెండు పిల్లలు వచ్చాయి. వేలాడిపోతున్నాయి, కానీ ఛాతీలో సన్నగా కొట్టుకుంటోంది. తల్లి పక్క నుంచి ఆవిడకీ ప్రద్యుమ్నకీ కదిలే వీల్లేదు. కాత్యాయని గారు తల తిప్పకుండానే గుమ్మం వైపు గొంతెత్తారు. "ఒకరికొకరు బుద్ధి చెప్పుకోవడం అయిపోతే, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని లోపలికి రండి ఇద్దరూ."

వచ్చారు. చెరో తువ్వాలు, చెరో పిల్ల. "వీపు మీద రుద్దండి. అరిచేదాకా ఆపొద్దు" అన్నారావిడ. ఆ గదిలో కాసేపు తువ్వాళ్ల చప్పుడు తప్ప మరేం లేదు. చాలాసేపటికి పట్నాయక్ గారి చేతిలోది కీచుమంది. మాధురీలత చేతిలోది అరవలేదు. ఆవిడ రుద్దుతూనే ఉంది. చివరికి ప్రద్యుమ్న వచ్చి, ఆవిడ వేళ్లు ఒక్కొక్కటే విడదీసి, పిల్లను తీసుకున్నాడు.

"దీన్ని చుక్క దగ్గర వేస్తాను. అది ఎవరి పిల్లకైనా పాలిస్తుంది" అన్నారు పట్నాయక్ గారు, కళ్లు తుడుచుకుంటూ.

"మీ పెట్టెనిండా జబ్బుంది మాస్టారూ. దీన్ని అటు తీసుకెళ్లకండి" అన్నారు కాత్యాయని గారు. తర్వాత మాధురీలత వైపు తిరిగారు. "గర్భసంచి తీసేయమంటారా? ఇంకో కాన్పయితే ఇది బతకదు."

మాధురీలత బతికిన పిల్ల వైపు చూసింది. "దీని ముఖమూ తల్లిలాగే వచ్చింది, చూశారా డాక్టరుగారూ. ఇలాంటి ముఖం జిల్లాలో ఇంకెక్కడా లేదు. ఇంకొక్కసారి... జాగ్రత్తగా చూసుకుంటే..."

"ఇంకా ఆశేనా అమ్మా?" అన్నారు పట్నాయక్ గారు.

కాత్యాయని గారు చేతిలో కత్తెర ఆపి ఆయన వైపు చూశారు. "చుక్కకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేద్దాం, తీసుకురండని రెండేళ్లుగా మిమ్మల్ని అడుగుతున్నాను."

"అది ప్రకృతి విరుద్ధ..." అని ఆయన అంటూ అంటూ ఆగిపోయారు. చేతిలో పిల్ల కదులుతోంది.

అప్పుడు మాధురీలత బల్ల దగ్గరికి జరిగి యువరాణి మీదికి వంగింది. గొంతులో గొట్టంతో అది పడుకుని ఉంది. ఛాతీ తేలిగ్గా లేస్తోంది, తేలిగ్గా దిగుతోంది. ఆవిడ చెవి దగ్గరగా పెట్టి విన్నది.

"చప్పుడు లేదేమిటండీ?"

"గొట్టంలోంచి గాలి నేరుగా వెళ్తోంది కదండీ" అన్నాడు ప్రద్యుమ్న. "ముక్కుతో పని లేదు."

"నాలుగేళ్లలో ఇది ఇలా ఊపిరి తీయడం నేను ఎన్నడూ చూడలేదు" అంది ఆవిడ. "పక్కలో పడుకుని గురక పెడుతుంటే ముద్దొచ్చేది. వచ్చినవాళ్లందరికీ వినిపించేదాన్ని." ఆవిడ కుర్చీలో కూర్చుంది. "తీసేయండి" అంది.

కాత్యాయని గారు గర్భసంచి తీసి కుట్లు వేశారు. పట్నాయక్ గారు పిల్లను మాధురీలత ఒళ్లో పెట్టి, కంటిచుక్కల మందు తీసుకుని, గుమ్మం దగ్గర నిలబడ్డారు. "చుక్క సంగతి ఆలోచిస్తానండీ" అన్నారు.

"ఆలోచించండి. అది ఆరోసారి చూలు కట్టేలోపు ఆలోచించండి" అన్నారావిడ. ఆయన అట్టపెట్టె ఎత్తుకుని తలవంచుకుని వెళ్లిపోయారు.

ప్రద్యుమ్న చేతి తొడుగులు విప్పుతూ మెల్లిగా మొదలుపెట్టాడు. "అంటే మేడం, ఇందులో ఇద్దరిదీ తప్పేనంటారా? లేకపోతే ఆవిడ ఒప్పుకున్నారు కాబట్టి, ఆయన ఒప్పుకోలేదు కాబట్టి..."

కాత్యాయని గారి చెయ్యి కళ్లజోడు మీదికి వెళ్లింది. బల్ల మీద యువరాణి ముందుకాలు కదిలింది.

"మత్తు దిగుతోంది, గొట్టం తియ్యి" అన్నారు. "మనం ఇచ్చిన ముక్కుతో అది ఎలా బతుకుతుందో దగ్గర నిలబడి చూడు."