ఏమీ మిగల్లేదన్న పండితుడు

ఒక రాజుగారు మూలికల మీద పరిశోధనశాల నడిపిస్తున్న రోజులవి. గొర్రెల కాపరి కూతురు సీతాలు పరీక్ష నెగ్గి, అందులో చేరడానికి వచ్చింది. కాపరి పిల్లను చేర్చుకోవడం పెద్ద పండితుడు భైరవశాస్త్రికి బొత్తిగా ఇష్టం లేదు.

"మూలికల గురించి తెలుసుకోవలసిందంతా నేనే తెలుసుకున్నాను. నువ్వు పరిశోధించడానికి ఏమీ మిగల్లేదు. ఇంటికి పో," అన్నాడు.

సీతాలు దండం పెట్టి, "సంతోషం స్వామీ! వెళ్తూ వెళ్తూ ఈ శుభవార్త రాజుగారి చెవిన వేస్తాను," అంది.

"ఏ శుభవార్త?"

"పరిశోధన పూర్తయిందని. ఇక ఈ శాలతో గానీ, తమరి కొలువుతో గానీ ఆయనకు పనిలేదు కదా!"

శాస్త్రి గతుక్కుమన్నాడు. "తెలియనివి కొన్ని ఉన్నాయిలే. లోపలికి రా," అన్నాడు.

"అవేమిటి స్వామీ?" అంటూ సీతాలు ఎదురుగా కూర్చుంది. ఆయన చెప్పడం మొదలుపెడితే పొద్దుగూకినా అవి తరగలేదు.