మొదటి రెండు కుప్పలు

వకుళ మూట కట్టుకుంది. పేరయ్య గారి మృదంగ శాలలో తనకిక పనేమీ కనిపించలేదు.

ఆ పొద్దున ఆయన శిష్యులకొక లెక్క ఇచ్చారు. ఒక చిటికె పట్టే దెబ్బలూ, రెండు చిటికెలు పట్టే దెబ్బలూ మాత్రమే వేసి, ఆరు చిటికెల కాలాన్ని ఎన్ని రకాలుగా నింపొచ్చు?

మిగతావాళ్ళు ఒకరి వరస ఒకరు వాయించి చూసుకుంటూ, తగువులాడుకుంటూ కూర్చున్నారు. వకుళ ఒక్కతే మృదంగం ముట్టుకోలేదు. ఒక చిటికె కాలానికి ఎన్ని రకాలో, రెండింటికి ఎన్నో, అలా ఆరుదాకా ఓ మూల నేలమీద చింతగింజలు కుప్పలు పోసింది. ఒకటి, రెండు, మూడు, అయిదు, ఎనిమిది, పదమూడు.

"చివరి దెబ్బ ఒక చిటికెదైనా అవ్వాలి, రెండు చిటికెలదైనా అవ్వాలి. దాన్ని తీసేస్తే మిగిలేది వెనక కుప్పో, దాని వెనక కుప్పో. అందుకని వెనకున్న రెండు కుప్పలూ కలిపితే తర్వాతి కుప్ప. ఆరేంటి, అరవై చిటికెలకైనా చెప్తాను."

"ఈవిడగారికి గురువెందుకురా" అన్నాడెవరో. అందరూ నవ్వారు. భోజనాల దగ్గర ఆమె పక్క విస్తరి ఖాళీగానే ఉండిపోయింది.

ఆ శాలలో కొత్తగా చేరినవాళ్ళ చెయ్యి పట్టుకుని గురువే మొదటి దెబ్బ వేయిస్తారు. వకుళ వచ్చిన రోజునా పేరయ్య చెయ్యి చాపారు. "నాకొచ్చండీ. చిన్నప్పుడు గోడవతల ఎవరో వాయిస్తుంటే వినివిని, నూనె డబ్బా మీద నేర్చుకున్నాను" అందామె. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మళ్ళీ చాపలేదు.

సెలవడగడానికి వెళ్తే ఆయన మృదంగం ఎడమవైపు తోలుకి, నాదం కోసం తడిపిన రవ్వముద్ద అద్దుతున్నారు.

"వెళ్ళొస్తానండీ. నాకెవరూ నేర్పలేదు. ఇకముందూ అక్కర్లేదు."

"అలాగేనమ్మా. పోయేముందు ఆ గింజల లెక్కోసారి చూపించు. పొద్దున గోలలో సరిగ్గా చూళ్ళేదు."

ఆమె దోసిట్లో గింజలు తీసుకుంది.

"మొదటి రెండు కుప్పలూ మాత్రం పెట్టకు. మూడోదాన్నుంచి పొయ్యి."

"అవి లేకపోతే కలపడానికేముందండీ? మూడోదీ ఖాళీయే."

"నాలుగోది?"

"అదీ అంతే. ఎంత దూరం పోయినా అంతే."

"అయితే నీ సూత్రం తప్పా?"

"సూత్రం తప్పు కాదండీ. కానీ మొదటి రెండూ..." అని ఆగింది. "వాటికి వెనక ఏమీ ఉండదు. ఎవరో ఒకరు పెట్టాలి."

పేరయ్య రవ్వముద్దని బొటనవేలితో అంచులదాకా సర్దుతున్నారు.

చిన్నప్పుడు గోడవతల వాయించిందెవరో వకుళ ఏనాడూ ఎవర్నీ అడగలేదు. గింజలు జారి నేలమీద పడ్డాయి. మూట పక్కన పెట్టి, మృదంగం ముందు కూర్చుని, చెయ్యి చాపింది.

"ఉండమ్మా, కడుక్కురానీ. చేతినిండా రవ్వ."

"పర్లేదండీ" అంది.