లచ్చవ్వ మోకాళ్లు

విశ్వంభరస్వామికి వాదన మీద ఆసక్తి లేదు. ఎవరైనా ధర్మసందేహం అడిగితే శాస్త్రం తీసేవారు కారు. కాసేపు గోదావరి వైపు చూస్తూ ఊరుకుని, తాము ఎరిగిన ఏ మనిషి సంగతో చెప్పేవారు. సందేహం తీరిందా లేదా అని మళ్లీ విచారించేవారు కారు. ఆయన మఠానికి జనం తక్కువగా రావడానికి అదే కారణమని అక్కడివాళ్లు అనుకునేవారు.

వైదేహి కరీంనగర్‌లో ఒక కాలేజీలో ఎకనామిక్స్ లెక్చరర్. చాలాకాలంగా స్వామి శిష్యురాలు. ఆ ఏడు సెలవుల్లో తోటి లెక్చరర్లతో గల్ఫ్ యాత్రకు వెళ్లివచ్చి, ప్రసాదం తీసుకున్నాక కూడా లేవకుండా కూర్చుంది.

"స్వామీ, అక్కడ ఎడారిలో సఫారీ అని తిప్పుతారు. ఒంటె ఎక్కించి ఫొటోలు తీస్తారు. నేను చూసిన ఒంటెకు ముక్కు దగ్గర పుండు, దాని నిండా ఈగలు. మావాళ్లంతా ఎక్కారు. నేను ఎక్కలేదు. ఊరికే పక్కన నిలబడలేదు కూడా, ఆ క్యాంపు వాళ్లను గట్టిగా అడిగాను. ఇక ఆ పాపంలో నాకు భాగం లేదనే కదా?"

స్వామి గోదావరి వైపు చూశారు. తర్వాత రాజలింగు సంగతి చెప్పారు.

రాజలింగుది మెట్‌పల్లి దగ్గర పల్లె. గొర్లు కాసుకునేవాడు. తోట పని అని ఏజెంటు చెబితే నమ్మి విమానం ఎక్కాడు. తీరా దిగాక అతన్ని తీసుకెళ్లింది ఎడారిలోని ఒక సఫారీ క్యాంపుకు. అక్కడ అతనికి అప్పగించింది ఒక ముసలి ఆడ ఒంటెను. దానికేదో అరబ్బీ పేరు ఉండేది గాని, అతనికి నోరు తిరగలేదు. చచ్చిపోయిన తన తల్లి పేరు పెట్టి లచ్చవ్వా అని పిలుచుకున్నాడు.

పొద్దు వాలే వేళకు జీపుల్లో జనం దిగేవారు. ఒంటె మోకాళ్ల మీద కూర్చోవాలి, ఇద్దరిని మోస్తూ లేవాలి, ఇసుక దిబ్బ చుట్టూ ఒక తిరుగుడు తిరిగివచ్చి మళ్లీ కూర్చోవాలి. చీకటి పడేదాకా అదే పని. కూర్చుని లేచి, కూర్చుని లేచి లచ్చవ్వ ముందుకాళ్ల మోకాళ్లు పగిలాయి. పుండు కాలే ఇసుకకు తగిలినప్పుడల్లా అది మెడ చాచి అరిచేది. ఆ అరుపు విని జనం నవ్వేవారు. ఒంటె మాట్లాడుతోందని పిల్లలకు చూపించేవారు. ఎవరైనా అనుమానంగా చూస్తే ఏమనాలో మేనేజరు పనివాళ్లందరికీ నేర్పించాడు. "హ్యాపీ మేడమ్, వెరీ హ్యాపీ." రాజలింగుకు వచ్చిన ఇంగ్లీషు అంతే.

గొర్ల కాపరి కనుక అతను తనకు చేతనైన ఉపాయం చేశాడు. రద్దీ పెరిగిన సమయం చూసి లచ్చవ్వను నీళ్ల ట్యాంకరు వెనక్కి మళ్లించేవాడు. ఆ సందడిలో ఎవరూ గమనించేవారు కారు. అలా రోజూ కొన్ని తిరుగుళ్లు తప్పేవి. వంట మనిషిని బతిమాలి తెచ్చుకున్న పసుపు నూనెలో కలిపి మోకాళ్లకు రాసేవాడు. పుండు మానలేదు గాని, పెద్దదీ కాలేదు.

ఒకనాడు ఒంటెను లేపుతూ "లే లచ్చవ్వా, లే తల్లీ" అంటుంటే వెనక నుంచి ఒక ఆడమనిషి గొంతు తెలుగులో పలికింది.

"మీది ఏ ఊరన్నా?"

హైదరాబాదు నుంచి వచ్చిన యాత్రికురాలు ఆమె. ఊరు చెప్పాడు. ఆమె సంబరపడింది. అంతలో ఆమె చూపు ఒంటె మోకాళ్ల మీద పడింది. "ఇదేంటి, దీనికి దెబ్బ తగిలిందా?" అని అడిగింది.

తన భాషలో అతన్ని ఎవరైనా ఏదైనా అడిగి ఎన్నాళ్లయిందో. నేర్చుకున్న ఇంగ్లీషు ముక్క నోటికి రాలేదు.

"పుండమ్మా. కూసున్నప్పుడల్లా ఇసుక తాకి మండుతది. గా అరుపు నొప్పికే. నేనే సాటుంగ గా ట్యాంకరెనుక దాస్త, ఒకటి రెండు తిరుగుళ్లన్న తప్పుతయని."

ఆమె కళ్లు నిండాయి. ఒంటె మెడ నిమిరింది. అటు నుంచి అటే మేనేజరు గుడారానికి వెళ్లి, అందరూ వినేలా నిలదీసింది. మీ మనిషే చెప్పాడు, మీకు కనబడకుండా ట్యాంకరు వెనక దాచుకుంటున్నాడు, మీకు సిగ్గు లేదా అని అడిగింది. ఒక్క ముక్క అబద్ధం చెప్పలేదు. మేనేజరు చేతులు కట్టుకుని విన్నాడు. క్షమాపణ చెప్పాడు. ఆమె కళ్ల ముందే లచ్చవ్వ జీను దింపించి పక్కకు తోలించాడు. మీలాంటి అతిథులు రావడం మా అదృష్టం అని ఖర్జూరాలు, కాఫీ తెప్పించాడు.

జీపు ఎక్కబోతూ ఆమె రాజలింగు దగ్గరికి వచ్చింది. "భయపడకన్నా, నేను మాట్లాడాను. ఇక దానికి ఏ కష్టం ఉండదు" అంది. అతను రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

మర్నాడు క్యాంపులోని ఒంటెలన్నిటి మోకాళ్లకూ ఎర్ర కుచ్చుల పట్టీలు కట్టారు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయని జనం వాటి దగ్గర కూర్చుని మరీ ఫొటోలు తీసుకున్నారు. లచ్చవ్వను వరసలో అన్నిటికంటే ముందు నిలబెట్టారు, మళ్లీ ఎవరూ దాచకుండా. తాడు ఇంకొకడి చేతికి ఇచ్చారు. రాజలింగును మరుగుదొడ్లు కడగమన్నారు. పట్టీ కింద పుండుకు గాలి ఆడదని అతనికి తెలుసు. చెప్పడానికి వెళితే మేనేజరు, నీ తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరైనా వస్తే వాళ్లకు చెప్పుకో అన్నాడు.

మరుగుదొడ్ల దగ్గరికి ఆ అరుపు వినబడేది. అది లచ్చవ్వదే అని అతను గుర్తుపట్టేవాడు. కొన్నాళ్లకు వినబడటం మానేసింది. ఏమైందని తోటివాళ్లను అడిగితే, పనికిరాని ఒంటెను ఏం చేస్తారో తెలియదా అన్నారు.

ఇంటికి తిరిగి వచ్చాక రాజలింగు ఒకసారి మఠానికి వచ్చి ఇదంతా చెప్పాడట. "ఆయమ్మ మీద నాకు కోపం లేదు సామీ. నన్ను అడగకుంటే బాగుండు, గంతే" అన్నాడట.

స్వామి ఆగారు. వైదేహి తల దించుకుని చాప అంచు సరిచేస్తూ ఉండిపోయింది.

"అయితే ఆవిడ చూసీ చూడనట్టు పోవలసిందా స్వామీ?"

"నేను అలా అనలేదమ్మా."

"ఆవిడ మంచి మనిషే కదా మరి?"

"చాలా మంచి మనిషి" అన్నారు స్వామి లేస్తూ. "ఆ రాత్రి ఆవిడకు హాయిగా నిద్ర పట్టి ఉంటుంది."