హద్దురాయి దగ్గర ఆగిన కుళాయి

హద్దు అంటే ప్రాణం పెట్టే పానకాలరావు అనే రిటైరైన సర్వేయరు ఒక పట్నం చివర ఉద్యోగుల కాలనీలో ఉండేవాడు. ఎవరి గట్టు ఎవరి పొలంలోకి జానెడు జరిగినా ఊరుకునేవాడు కాదు. అది మంచి గుణమే. కానీ ఆ గుణం ముదిరి ముదిరి, మనుషుల్ని కూడా హద్దుకి ఇవతలివాళ్ళు, అవతలివాళ్ళు అని చూడడం మొదలుపెట్టాడు.

మున్సిపాలిటీ హద్దురాయి సరిగ్గా ఆయన ప్రహరీ పక్కనే ఉండేది. నెలకోసారి దానికి తానే సున్నం వేసేవాడు. రాయికి అవతల క్వారీపేట. రాళ్ళు కొట్టి బతికేవాళ్ళ ఇళ్ళు అరవై దాకా ఉండేవి. వాళ్ళకి కుళాయి లేదు, మురుగుకాలువ లేదు. మూడు రోజులకోసారి ట్యాంకరు వస్తే బిందెలు పట్టుకుని పరుగెత్తాల్సిందే. ఇవతల పానకాలరావు మాత్రం రోజూ పొద్దున్నే కుళాయి విప్పి, తీరిగ్గా మందారమొక్కలు తడిపేవాడు.

ఒకరోజు మున్సిపల్ ఇంజనీరు వచ్చాడు. పానకాలరావు కాలనీ సంఘానికి అధ్యక్షుడు.

"మీ వీధి చివరినుంచి గొట్టం పొడిగించి క్వారీపేటకి నీళ్ళిస్తాం సార్. మురుగు గొట్టం కూడా వేస్తాం. అభ్యంతరం లేదని మీ సంఘం ఒక ఉత్తరం ఇస్తే చాలు" అన్నాడు ఇంజనీరు.

"మా కుళాయిలో ధార తగ్గదూ?"

"కాస్త తగ్గుతుంది."

"అయితే కుదరదు. మున్సిపాలిటీ ఆ రాయి దగ్గర ఆగింది. నీళ్ళూ అక్కడే ఆగాలి" అన్నాడు పానకాలరావు.

ఆ వీధిలో ఇడ్లీలు అమ్మే సైదమ్మ ఈ మాట విని పరుగున వచ్చింది. ఆమెది క్వారీపేటే.

"అయ్యా, మా కోడలు నిండు నెలలతో బిందెలు మోస్తంది. ఆ ఉత్తరమేదో రాసియ్యండయ్యా" అని బతిమాలింది.

"నేనేం చేసేది సైదమ్మా? హద్దు హద్దే" అన్నాడాయన, ఆమె చేసిన ఇడ్లీ తింటూనే. ఆ ఇడ్లీ ఉడికింది బిందెతో మోసుకొచ్చిన నీళ్ళతోనే అని ఆయనకి తట్టలేదు.

వానలు మొదలయ్యాయి. కాలనీ మురుగుకాలువ హద్దురాయి దాకా వచ్చి అక్కడితో ఆగిపోయేది. ఆ మురికంతా అవతలికి పారి క్వారీపేట ఇళ్ళ మధ్య నిలిచేది. ఊళ్ళో పొలాలన్నీ కొలిచిన పానకాలరావు ఏనాడూ ఆ రాయి దాటి అవతలికి తొంగిచూడలేదు. ఆ ఏడు మురుగు సైదమ్మ గడప దాకా వచ్చింది. పురుడు పోసుకోవాల్సిన ఇల్లు! పేటవాళ్ళంతా కలిసి రాతిపొడి బస్తాలు పేర్చి రాయి పక్కన కట్ట కట్టేశారు.

మర్నాటికి మురుగు వెనక్కి తన్నింది. పానకాలరావు గేటులోంచి వచ్చి, తాగేనీళ్ళ సంపులోకి దిగింది. కుళాయి మళ్ళీ వచ్చేది తెల్లారాకే. ఆయన మండిపడుతూ బయటికొచ్చాడు.

"ఎవరయ్యా ఈ కట్ట కట్టింది?"

"మా హద్దులోనే కట్టుకున్నామయ్యా. కావాలంటే కొలుచుకోండి" అంది సైదమ్మ.

ఆయన నిజంగానే టేపు తెచ్చి కొలిచాడు! కట్ట రాయికి రెండడుగుల అవతలే ఉంది. టేపు చుట్టేశాడు.

"మీ మురికినీళ్ళకి లేని హద్దు మా మంచినీళ్ళకే ఎందుకయ్యా?" అని అడిగింది సైదమ్మ.

పానకాలరావు తల దించుకున్నాడు. ఇంతలో గేటు దగ్గర ఆయన భార్య ఖాళీ చెంబుతో నిలబడి ఉండడం సైదమ్మ చూసింది. ఆమె కోపం అక్కడే చల్లారింది.

"అమ్మగారికి తాగడానికి నీళ్ళు లేనట్టున్నాయి. రండయ్యా, ఒక బిందె తీసుకెళ్దురు" అంది.

ఆయన మొదటిసారి రాయి దాటాడు. సైదమ్మ ఇంట్లో నీళ్ళున్నవి రెండే బిందెలు. మళ్ళీ ట్యాంకరు వచ్చేది ఎల్లుండి. గోడకి ఆనుకుని కూర్చున్న కోడలే ఒక బిందె ముందుకి జరిపింది. దాన్ని మోసుకుని ఇంటికి చేరేలోపు ఆయన మూడుసార్లు దించాడు. మూడోసారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిండు నెలల పిల్ల ఇన్నాళ్ళూ దీన్ని ఎలా మోసిందో!

ఆ పూటే సంఘంవాళ్ళని కూడగట్టి ఉత్తరం మీద సంతకాలు పెట్టించాడు. గొట్టాలు పడేదాకా మురుగు ఎవరి ఇంట్లోకీ రాకుండా, పేటవాళ్ళు పలుగులతో కాలువ తవ్వి పాత క్వారీ గోతిలోకి మళ్ళించారు. గొట్టం దారి తానే సర్వే గొలుసు లాగి కొలిచిపెట్టాడు పానకాలరావు. తవ్వకానికి హద్దురాయి అడ్డొచ్చింది.

"తీసెయ్యమంటారా సార్?" అని అడిగారు పనివాళ్ళు.

"తీసెయ్యండి" అన్నాడాయన.

మూడు నెలలకి క్వారీపేటలో కుళాయి పారింది. మొదటి బిందెతో సైదమ్మ మనవరాలికి నీళ్ళు పోసింది. పానకాలరావు కుళాయిలో ధార కాస్త సన్నబడింది. మందారమొక్కలు తడపడానికి ఇంకో పది నిమిషాలు పడుతోంది, అంతే.

పిల్లలూ, మన మురికిని పొరుగువాళ్ళ గుమ్మంలోకి వదిలే మనం, మన మంచినీళ్ళు వాళ్ళకి లేవనడం అన్యాయం.